పది ఇళ్ల పెరడు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. పల్నాటి సీమలో ఆ మాటను ఎవరూ అతిశయోక్తిగా భావించరు. మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలో మనిషి అలికిడి ఉండదు. కుక్క అరుగు కింద చేరుతుంది. గేదె చెరువులో మెడ వరకు మునిగి కూర్చుంటుంది. ఇంటిల్లిపాది తలుపులు ఓరగా వేసుకుని చీకటి గదిలో నడుం వాలుస్తారు. ఆ వేళ కూడా పని ఆగని చోటు ఒకటే ఉంది: ఇంటి వెనుక పెరడు.

తడిక నీడన కోళ్లు ముక్కులు తెరచి రొప్పుతుంటాయి. మట్టి మూకుడులో నీళ్లు వేడెక్కితే ఎవరో ఒకరు పారబోసి చల్లని నీళ్లు పోయాలి. మంచం మీద ఎండుతున్న మామిడి ఒరుగులకు కాకుల బెడద లేకుండా కాపలా ఉండాలి. పందిరి మీద విత్తనానికి విడిచిన బీరకాయ గలగలమంటున్నదో లేదో ఊపి చూడాలి. మా అమ్మమ్మ ఈ పనులన్నీ ఒంటిచేత్తో చేస్తూ, "వేసంగి పోతా పోతా పెరటికి పరీక్ష పెట్టి పోద్ది అమ్మాయ్" అనేది.

1995 వేసవిలో ఆ పరీక్షలో మా ఇల్లు తప్పింది. ఎందుకు తప్పిందో నేను పూర్తిగా గ్రహించడానికి దాదాపు ముప్పై సంవత్సరాలు పట్టింది.

ఇరవై రెండు కోళ్లు

ఆ ఏడాది నేను పదవ తరగతి పూర్తిచేశాను. పట్నంలో ఇంటర్మీడియట్ చేరడానికి నాలుగు వందల రూపాయలు కావాలి. రైతు ఇంట వేసవి చివర డబ్బు ఉండే కాలం కాదు. మిరపకాయలు అమ్మిన సొమ్ము పాత బాకీలకు పోతుంది. కొత్త విత్తనాలకు, ఎరువులకు మళ్లీ అప్పు వెతుక్కోవాలి. కాని అమ్మమ్మ నిశ్చింతగానే ఉంది. ఆమెకు ఇరవై రెండు కోళ్లున్నాయి. పుంజులను, ఎదిగిన పడ్డలను అమ్మితే నా ఫీజు వస్తుందని ఆమె లెక్క. గుడ్లు పెట్టే పెట్టలు ఇంట మిగులుతాయి. ఆ లెక్కలో పొరపాటు ఏమీ లేదు.

పొరపాటు చేసింది నేను. మే నెలలో ఒక వారం అమ్మమ్మతో సంతకు వెళ్లి, నెమలి రంగులు మెరిసే ఒక పుంజును, దానితో ఉన్న పెట్టను చూసి ముచ్చటపడ్డాను. వాటి ధర చాలా తక్కువ. "ఇంత చవగ్గా ఎందుకిస్తన్నాడో ఎవరికెరుక" అని అమ్మమ్మ సందేహించింది. నేను పట్టుబట్టాను. ఆ రాత్రి ఆ రెండింటిని మా కోళ్లతోపాటే ఒకే గంప కింద మూసిపెట్టాము.

అయిదో రోజున కొత్త పెట్ట మేత మానేసింది. రెక్కలు వాల్చి, కళ్లు మూసి, ఒక మూల నిలబడింది. ఆకుపచ్చని నీళ్ల విరేచనాలు మొదలైనాయి. ఆ పైన ఒక్కొక్కటిగా మా కోళ్లు. కొన్ని మెడ సాచి గాలి కోసం ఆవులిస్తున్నట్టు నోళ్లు తెరిచేవి. కొన్నిటికి మెడ మెలితిరిగిపోయి, ఆకాశం వైపు చూస్తూ గిరగిర తిరిగేవి. వారం గడిచేసరికి మా ఇంట మూడు కోళ్లు మిగిలాయి. పదిహేను రోజుల్లో ఆ తెగులు ఎదురింటికి, పక్కింటికి, వీధి చివరి దాకా ప్రాకింది.

అమ్మమ్మ ఒక జబ్బు కోడిని బుట్టలో పెట్టుకుని, పక్క ఊరి పశువుల ఆస్పత్రికి నడిచి వెళ్లింది. నేను ఆమె వెంట ఉన్నాను. డాక్టరు గారు సౌమ్యులు. కోడిని చూడగానే, "ఇది కొక్కెర తెగులమ్మా. రాకముందు టీకా వేయించుకోవాలి గాని వచ్చిన తరువాత మందు లేదు" అన్నారు.

"ముందే వెయ్యగూడదా బాబూ?" అని అమ్మమ్మ అడిగింది.

"సీసా విప్పితే నూరు కోళ్లుండాలి. మీ ఇంట్లో ఎన్ని ఉండేవి?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. అమ్మమ్మ సమాధానం చెప్పలేదు. దారి పొడుగునా కూడా మాట్లాడలేదు.

వీధిలో ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అమ్మమ్మకు ఎక్కువ బాధ కలిగించింది. జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఎదురింటి పెద్దమ్మ కొంగు ముడి విప్పి నాలుగు వందలు అమ్మమ్మ చేతిలో పెట్టింది. ఆమె పెరట్లో అప్పటికి పదకొండు కోళ్లు పోయాయి. "పిల్ల చదువు ఆగగూడదు వదినా. నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడు గుడ్లతో తీర్చు" అన్నది. అంతేకాదు, పై ఊళ్లో ఉన్న కూతురి ఇంటి నుంచి ఒక పొదుగుడు పెట్టను తెప్పించి, మాకు పాలుకు ఇచ్చింది. పాలు అంటే సగం పిల్లలు వారివి, సగం మావి. అమ్మమ్మ ఇచ్చిన ప్రతి గుడ్డుకూ వంటింటి గోడ మీద ఒక బొగ్గు గీత గీసేది. ఆ అప్పు తీరడానికి రెండేళ్ల పైన పట్టింది.

రెండు ఊళ్ల పేరు గల రోగం

ఆంగ్ల సాహిత్యం చదువుకుని, అనువాదమే వృత్తిగా స్థిరపడిన తరువాత, ఒకసారి నా బల్ల మీదికి ఒక చిన్న శిక్షణ పుస్తకం వచ్చింది. గ్రామీణ స్త్రీలకు పెరటి కోళ్ల పెంపకం నేర్పడానికి ఉద్దేశించినది. మొదటి చిక్కు శీర్షికలోనే ఎదురైంది. ఇంటి వెనుక స్థలాన్ని సూచించే ఆంగ్ల పదానికి ఆ భాషలో కొంత చిన్నచూపు అంటుకుని ఉంది. అప్రధానమైనది, తీరుబడి వేళ చేసుకునేది అనే ధ్వని ఉంది. మన పెరడు అంతకంటే గౌరవం పొందిందా అంటే, 'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అన్న సామెత మనకు ఉండనే ఉంది.

రోగాల ప్రకరణంలో నాకు పరిచయమైన లక్షణాలన్నీ అచ్చులో కనబడ్డాయి. మెలితిరిగిన మెడ, వాలిన రెక్కలు, ఆకుపచ్చని విరేచనం. ఈ రోగాన్ని ప్రపంచం న్యూకాజిల్ వ్యాధి అంటుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిసరాల్లోనూ, ఇండోనేషియాలోని జావా ద్వీపంలోనూ దీనిని గుర్తించారు. ఆ మరుసటి సంవత్సరమే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణీఖేత్ వద్ద ఇది బయటపడింది. అందువల్ల భారతదేశంలో దీనికి రాణీఖేత్ వ్యాధి అని పేరు. మన పల్లెల్లో మాత్రం కొక్కెర తెగులు. పేర్లు వేరైనా కారణం ఒకటే, ఒక వైరస్. రోగపు కోడి శ్వాస, రెట్ట, అది తాగిన నీరు, దానిని పట్టిన చేతులు, ఆ దొడ్డిలో తిరిగిన కాళ్లు, అన్నీ దానికి వాహనాలే. సంతలో కొన్న కోడి అన్నిటికంటే వేగమైన వాహనం.

విరుగుడు కూడా ఆ కొండల నుంచే వచ్చింది. రాణీఖేత్‌కు ఎంతో దూరం లేని ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940వ దశకంలో ఆర్ టూ బి అనే టీకాను రూపొందించారు. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు రెక్క కింద చర్మంలోకి సూదితో ఇచ్చే ఈ టీకా నేటికీ వాడుకలో ఉన్నది. అంతకంటే చిన్న పిల్లలకు మొదటి వారంలోనే కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క వేసే లసోటా, ఎఫ్ రకం టీకాలున్నాయి. అంటే అమ్మమ్మ కోళ్లు చనిపోయిననాటికి ఈ రోగానికి టీకా పుట్టి దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది.

మరి ఆ టీకా మా పెరటికి ఎందుకు రాలేదు? పుస్తకంలో ఒక వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. 'ఒక సీసాలో కనీసం నూరు మోతాదులు ఉంటాయి, ద్రావకం కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడివేయాలి, మిగిలినది పనికిరాదు.' పశువుల డాక్టరు గారి ఎదురు ప్రశ్న అప్పుడు నాకు అర్థమైంది. ఆయన అడిగింది మా ఇంటి కోళ్ల లెక్క కాదు. ఆ వీధి లెక్క.

టీకా చుక్క ధర కొద్ది పైసలే. అయితే ఆ మందు చల్లదనంలో ఉండాలి, ఒకేసారి వాడబడాలి. వేల కోళ్ల ఫారానికి ఇది చిన్న విషయం. ఎనిమిది కోళ్ల ఇంటికి అసాధ్యం. ఇరవై రెండు కోళ్ల ఇంటికీ అసాధ్యమే. పది ఇళ్లు కలిస్తే మాత్రం సులువు. రోగం పది ఇళ్లకు కలిసి వస్తుంది. మందు కూడా పది ఇళ్లు కలిస్తేనే వస్తుంది. పెరడు మన గోడ లోపలిదే కావచ్చు. దాని ఆరోగ్యం మాత్రం ఉమ్మడి ఆస్తి.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం అనుకోరాదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల 18 లక్షల కోళ్లు, ఇతర పెంపుడు పక్షులలో 31 కోట్ల 70 లక్షలు పెరళ్లలో పెరిగేవే. ఫారాలు ఇంతగా విస్తరించిన కాలంలో కూడా, అంతకు ముందటి 2012 గణన కంటే పెరటి పక్షుల సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. వాటిని చూసుకునేది అధిక భాగం స్త్రీలే. ఆ సొమ్ము భర్త చేతికి పోకుండా, పలకకో, జ్వరం మాత్రకో, పండుగ చీరకో ఖర్చయ్యే సొమ్ము.

నూరు కోళ్ల చిక్కును ఇతరులు ఎలా విప్పుకున్నారో చూడదగినది. 1980వ దశకంలో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ, ఆ దేశపు పశుసంవర్ధక శాఖతో కలిసి, పల్లెల్లోని పేద స్త్రీలకు టీకా వేయడం నేర్పింది. మందు శాఖ ఇచ్చేది. ఇల్లిల్లూ తిరిగి వేసిన స్త్రీకి కోడికి ఇంత అని స్వల్ప రుసుము దక్కేది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో అనే శాస్త్రవేత్త మరో వైపు నుంచి ప్రయత్నించారు. మంచుపెట్టె లేని పల్లెకు చేరేవరకు వేడిని తట్టుకోగల ఐ-2 అనే టీకాను ఆయన రూపొందించగా, మొజాంబిక్, టాంజానియా వంటి దేశాల్లో దానిని కంటి చుక్కలుగా వాడుతున్నారు. మన రాష్ట్రాల్లో పశుసఖులని కొన్నిచోట్ల, పశుమిత్రలని కొన్నిచోట్ల పిలిచే శిక్షణ పొందిన గ్రామ స్త్రీలు ఈ పని చేస్తున్నారు.

ఎండ, కోడి, గుడ్డు

టీకా ఒక్కటే వేసవిని దాటించదు. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి సహజంగానే 41 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. చుట్టూ గాలి కూడా అంత వేడెక్కినప్పుడు, నోరు తెరచి రొప్పి, తడిని ఆవిరిగా పంపడమే దానికున్న ప్రధానమైన ఉపాయం. అలా రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అధికంగా బయటికి పోతుంది. గుడ్డు పెంకు తయారయ్యేది సున్నం, ఆ వాయువుల కలయికతోనే. కనుకనే రోహిణి కార్తెలో గుడ్లు తగ్గడమే కాక, పెట్టిన గుడ్ల పెంకు కూడా పలుచబడుతుంది. కోడి సోమరి అయిందని తిట్టుకోవడం అన్యాయం.

చేయదగిన పనులు ఖరీదైనవి కావు. మేత తెల్లవారు జామున, చల్లబడిన సాయంత్రం వేయాలి. మధ్యాహ్నపు మేత ఒంట్లో మరింత వేడి పుట్టిస్తుంది. వెడల్పు మూకుళ్లలో నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టాలి. ఒకే చోట పెడితే బలమైనవి తాగి బలహీనమైనవి దూరంగా నిలబడతాయి. గూటి కప్పు మీద తాటాకు గాని, తడిపిన గోనె గాని పరచాలి. గూటిలోకి గాలి ఆడాలి. పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి, కొద్దిగా తడిపి, చెద ఉన్న చోట బోర్లించి ఉంచితే తెల్లవారేసరికి చెదలు చేరుతాయి. కోడిపిల్లలకు అంతకు మించిన బలమైన మేత పల్లెలో సులభంగా దొరకదు.

పొదుగుడు విషయంలోనూ వేసవికి ఒక న్యాయం ఉంది. గుడ్డులోని పిండం ఎదగడానికి పెట్ట ఒంటి వెచ్చదనం కావాలి. మండువేసవిలో వంటింటి అటక మీది గుడ్డు పెట్ట కింద చేరకముందే సగం సగం ఎదగడం మొదలుపెట్టి, మధ్యలో చనిపోతుంది. అందుకే పాతకాలపు ఇల్లాళ్లు పొదిగించదలచిన గుడ్లను తడి ఇసుక నింపిన కుండలో, పై గుడ్డ కప్పి దాచేవారు. పొదుగు పెట్టిన వారం రోజులకు చీకటి గదిలో దీపానికి అడ్డంగా పట్టి చూస్తే, లోపల ఎర్రని నరాల జాలు కనబడిన గుడ్డు బతికినది. తేటగా ఉన్నది వట్టిది. ఇరవై ఒకటో రోజుకు పిల్ల బయటికి వస్తుంది.

మన నాటు పెట్ట సంవత్సరానికి సుమారు అరవై గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు విడతలుగా పెట్టి, పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అంతకంటే చాలా ఎక్కువ గుడ్లిస్తాయి. కాని అవి పొదుగుకు కూర్చోవడం అరుదు. ప్రతిసారీ పిల్లలను కొని తెచ్చుకోవాలి. గుడ్లు కావలసిన ఇంట అవి, పిల్లలు కావలసిన ఇంట నాటు పెట్ట ఉండటం మంచిది. వీధిలో రెండూ ఉండటం మరీ మంచిది.

విత్తనానికీ అదే న్యాయం

కోడి మనిషి ఇంటికి ఎలా వచ్చిందన్న దానికి 2022లో వెలువడిన పరిశోధనలు ఒక చక్కని సమాధానం సూచించాయి. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన కోడి ఎముకలు క్రీస్తుపూర్వం 1650 - 1250 మధ్య కాలానివి. వరి, చిరుధాన్యాల సాగు విస్తరించినప్పుడు ఆ గింజల కోసం అడవికోడి చెట్టు దిగి మనిషి చెంతకు చేరిందని పరిశోధకుల అభిప్రాయం. అంటే కోడికి, కొట్టులోని గింజకు మొదటి నుంచీ చుట్టరికమే. పెరట్లో ఆ రెండింటినీ విడదీసి చూడటం కుదరదు.

వేసవి చివర పెరటి పంట కంటికి పెద్దగా ఆనదు. బెండ గట్టిపడుతుంది. వంగ మొక్క వడలుతుంది. అయితే అప్పుడు ఇంటికి చేరేది రెండు విధాల పంట. ఒకటి ఏడాది పొడుగునా తినేది: ఆవకాయ, మాగాయ, మామిడి ఒరుగులు, దోస ఒరుగులు, గుమ్మడి వడియాలు, గింజ తీసి ఉండలు కట్టిన చింతపండు. రెండవది రాబోయే ఏడాది తినేది, అనగా విత్తనం. తీగ మీదనే ఎండి గలగలలాడే బీరకాయ నుంచి, బుర్రగా మారిన సొరకాయ నుంచి, గోగు కాయల నుంచి తీసిన గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, ఎండిన సొరబుర్రలో నింపి, మూతికి బిరడా బిగించి అమ్మమ్మ దూలానికి వేలాడగట్టేది. విత్తన శాస్త్రం కూడా స్థూలంగా ఇదే చెబుతుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా దాని ఆయువు రమారమి రెండింతలవుతుంది. దాచిన చోటు అయిదు డిగ్రీలు చల్లబడినా అంతే.

అయినా అమ్మమ్మ తన సొరబుర్రను పూర్తిగా నమ్మేది కాదు. "ఒక్క ఇంట్లోనే ఉన్న ఇత్తనం ఉన్నట్టు కాదమ్మాయ్" అని, మూర పొడుగు కాసే మా బీర గింజలను ఏటా నాలుగిళ్లకు పంచేది. 1995లో కోళ్లు పోయిన దిగులులో ఆ ఏటి విత్తనం పట్టించుకునే ఓపిక ఆమెకు లేకపోయింది. పందిరి మీది కాయలు ఉడుతల పాలైనాయి. మృగశిర వానలకు ఎదురింటి పెద్దమ్మ గుప్పెడు గింజలు పంపింది. అవి మావే. నాలుగేళ్ల కిందట మా ఇంటి నుంచి వెళ్లినవే.

తీగల కాపు కూడా ఒక్క గోడకు పరిమితమైనది కాదు. బీరకు, సొరకు, గుమ్మడికి మగపూలు వేరు, ఆడపూలు వేరు. పుప్పొడిని మోసుకెళ్లేది పురుగులే. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళ పక్కింటివారు తమ వంగ మొక్కకు పురుగుమందు చల్లితే, మన బీరకు పిందె నిలవదు. అట్లాగే మన కోడి గోడ దూకి పొరుగింటి నారుమడి కెలికితే, వారి తోటకూర మొలవదు. లేత నారు మీద తుమ్మ కంప కప్పడం వారి వంతు. కోళ్లను నారు పెరిగేదాకా పొద్దెక్కాక వదలడం మన వంతు. కోడి రెట్ట మంచి ఎరువే. పచ్చిగా వేస్తే మొక్క మాడుతుంది. ఆకు చెత్తతో కలిపి కుళ్లబెట్టి, తొలకరికి పాదుల్లో వేసుకోవాలి. ఆ ఎరువులో ఒక తట్ట పొరుగింటికి పోతే, తిట్లు సగం తగ్గుతాయని అమ్మమ్మ అనుభవం.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరం. కోళ్లు ఒక్కసారిగా ఎక్కువగా చనిపోతే కొక్కెర తెగులేనని నిర్ధారించుకోరాదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో తొలిసారి మన దేశంలో బయటపడిన బర్డ్ ఫ్లూ, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనూ కనబడింది. కంటి చూపుతో ఈ రెండింటిని వేరు చేయడం సాధ్యం కాదు, ప్రయోగశాలలో పరీక్షించాలి. చచ్చిన కోడిని కాలువలో విసరడం, చవగ్గా అమ్మివేయడం, కోసుకు తినడం మూడూ పొరుగువారికి చేసే ద్రోహాలే. పశువుల ఆస్పత్రికి కబురు చేయాలి. వారు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

ఆ సాయంత్రం

2024 మే నెలాఖరున మా అత్తయ్యను చూడటానికి ఊరికి వెళ్లాను. అమ్మమ్మ లేదు, ఆమె పెరడు ఇప్పుడు అత్తయ్య చేతిలో ఉంది. నేను వెళ్లిన రోజే వీధిలో టీకా. పెద్ద కోళ్లకు ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే వేశారట. చలికాలం చివర పొదిగిన పిల్లలు ఇప్పుడు ఎనిమిది వారాలు దాటినాయి. వానలు పడకముందు వాటికి ఆర్ టూ బి వేయాలి.

పొద్దు గుంకిన తరువాత పని మొదలైంది. కోళ్లు గూళ్లలో చేరితే పట్టుకోవడం సులువు. మందుకు ఎండ దెబ్బ ఉండదు. మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కుతో పశుసఖి వచ్చింది. ఆమె సీసా ఇంకా విప్పలేదు. అత్తయ్య ఒక నోటు పుస్తకంలో ఇంటింటి లెక్క రాసి ఉంచింది. మా ఇంట పద్నాలుగు, ఎదురింట తొమ్మిది, మూల ఇంట పదిహేడు... కూడితే తొంభై నాలుగు. జబ్బుగా ఉన్న పిల్లలను లెక్కలో చేర్చలేదు. ఆరోగ్యంగా ఉన్నవాటికే టీకా.

"ఇంకా ఆరు పడతాయి. చివరింటోళ్లను పిలిచారా?" అని పశుసఖి అడిగింది.

చివరి ఇంటివారు కౌలు చేసుకోవడానికి ఆ ఏడే ఊరికి వచ్చినవారు. వారిని ఎవరూ పిలవలేదు. అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని తానే వెళ్లింది. ఆ ఇంటి ఇల్లాలు మొదట మొహమాటపడింది. ఆమెకు ఆరు కోడిపిల్లలున్నాయి. అవి కాక మొన్ననే సంతలో కొన్న రెండు పడ్డలు పెరటి మూల కాళ్లకు తాడుతో కట్టివేసి ఉన్నాయి. ఒక దాని రంగు ఎర్రగా, మెడ దగ్గర నెమలి రెక్కలా మెరుస్తోంది. నాకు గుండె ఝల్లుమంది.

"ఈటిని ఆటితో కలిపావా?" అని అత్తయ్య అడిగింది.

"లేదక్కా. ఈ రాత్రికి గంప కింద మూద్దామనుకుంటన్నా. ఉన్నది ఒకటే గంప."

అత్తయ్య ఆమెకు విడమరిచి చెప్పింది. ఆరు పిల్లలకు ఇప్పుడే టీకా వేయించవచ్చు. సంత కోళ్లు మాత్రం కొన్నాళ్లు వేరుగా ఉండాలి. వాటి మూకుడు వేరు, మేత వేరు. ముందు ఇంటి కోళ్లకు మేత వేసి, ఆఖరున వీటి దగ్గరికి వెళ్లాలి, చేతులు కడుక్కుని రావాలి. ఆ తరువాత నా వైపు తిరిగి, "మన చావిట్లో పాత గంప ఒకటి ఊరికే పడుంది. తీసుకురా అమ్మాయ్" అన్నది.

సీసా విప్పారు. గంటన్నరలో నూరు కోళ్లకూ సూది పడింది. మందు మిగలలేదు. నేను చావిట్లోంచి గంప దులిపి, నెత్తిన పెట్టుకుని వీధి చివరికి నడిచాను. అది అమ్మమ్మ నాటిదే. ఒక పక్క వెదురు విరిగితే కొబ్బరి తాడుతో కట్టిన ముడి ఇంకా గట్టిగానే ఉంది.

"ఎన్నాళ్లు ఏరుగా ఉంచాలక్కా?" అని ఆ ఇల్లాలు నన్ను అడిగింది.

"ఇరవై ఒక్క రోజులు. కోడి పొదిగినన్నాళ్లు" అన్నాను.

ఆ లెక్క ఆమెకు రాసి ఇవ్వవలసిన అవసరం లేకపోయింది.